సినిమా పాత్రలతో 22 నిమిషాల పండుగ స్పెషల్ రాయడం ఎలా

ముందు పండుగను పక్కన పెట్టండి. క్రిస్మస్ చెట్టు, మంచు, సాంటా, బహుమతుల మూటలు ఇప్పుడే వద్దు. హిట్టయిన యానిమేషన్ సినిమాలోని పాత్రలతో టీవీకి ఒక పండుగ స్పెషల్, అంటే పండుగ వేళ వేసే అరగంట కార్యక్రమం, రాయమనగానే చాలామంది ముందు వాటినే కాగితం మీద పెడతారు. అలా మొదలైన స్క్రిప్టు పదో పేజీ దాటేసరికి చతికిలబడుతుంది. అలంకరణ అంతా అయిపోయాక పాత్రలకు చేయడానికి పనంటూ మిగలదు.

నేను స్టోరీబోర్డ్ ఆర్టిస్టుని, అంటే స్క్రిప్టులోని సీన్లను ముందుగా వరస బొమ్మలుగా గీస్తాను. స్క్రిప్టులో ఎక్కడ పస లేదో బోర్డు ముందు కూర్చున్నవాళ్లకు త్వరగా తెలిసిపోతుంది, ఆ సీనుకి ఏం గీయాలో తోచదు. కొత్తగా రాస్తున్నవాళ్లు స్క్రిప్టు పట్టుకుని నా దగ్గరకొస్తే నేను మొదట చెప్పేది ఒకటే. స్పెషల్‌కి కావలసిన కథ సినిమాలోనే ఉంది. ప్రతి మంచి సినిమా తన హీరో మనసులో ఏదో ఒక మూలను సర్దకుండా వదిలేస్తుంది. ఆ మూల ఎక్కడుందో కనిపెట్టి, పండుగను తీసుకెళ్లి సరిగ్గా అక్కడ నిలబెట్టాలి.

అసలు ఈ పండుగ స్పెషల్ రూపం అమెరికా టీవీది. 1964లో ఎన్‌బీసీలో వచ్చిన రుడాల్ఫ్, 1965లో సీబీఎస్‌లో వచ్చిన చార్లీ బ్రౌన్ క్రిస్మస్, 1966లో అదే చానెల్లో వచ్చిన గ్రించ్, ఈ మూడూ దీనికి అచ్చు పోశాయి. ఏడాదికోసారి ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే అలవాటు వాటితోనే బలపడింది. తర్వాత పెద్ద సినిమా స్టూడియోలు తమ పాత్రల్ని ఈ అచ్చులోకి తెచ్చాయి. 2007 నవంబర్ 28న ఏబీసీలో ష్రెక్ ది హాల్స్, 2009లో ఎన్‌బీసీలో మెరీ మడగాస్కర్, 2010లో అక్కడే కుంగ్ ఫూ పాండా హాలిడే, 2011లో ఫాక్స్‌లో ఐస్ ఏజ్ వాళ్ల మామత్ క్రిస్మస్. పిక్సార్ మొదటి టీవీ స్పెషల్ 2013లో ఏబీసీకి చేసిన టాయ్ స్టోరీ ఆఫ్ టెర్రర్, అది హాలోవీన్‌కి.

ఈ తేదీల్ని సినిమాల తేదీల పక్కన పెట్టి చూడండి, మీకు ఒక నియమం కనిపిస్తుంది. కుంగ్ ఫూ పాండా మొదటి సినిమా 2008, రెండోది 2011, మధ్యలో స్పెషల్. ఐస్ ఏజ్ మూడోది 2009, నాలుగోది 2012, మధ్యలో స్పెషల్. రెండు సినిమాల నడుమ జనం పాత్రల్ని మర్చిపోకుండా ఉంచడం దీని పని. కాబట్టి మీ కథలో ఎవరూ చనిపోకూడదు, ఊరు మారకూడదు, పెళ్లి చేసుకోకూడదు, పాత విలన్ మారిపోయి రాకూడదు. అవన్నీ రాబోయే సినిమా సొత్తు. రచయితలు దీన్ని సంకెల అనుకుంటారు. నాకైతే ఇదే ఈ రూపంలోని అందం. ప్రపంచం మారదు కాబట్టి ఇద్దరి మధ్య ఏదో చిన్నది మారాలి, దాన్ని చూపించడానికి మీకు మొత్తం 22 నిమిషాలూ ఉన్నాయి.

వదిలేసిన మూల

సినిమాను మళ్లీ చూడండి, ఈసారి కథ కోసం వద్దు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, జవాబు రాకుండా దాటిపోయిన ప్రశ్నలు మాత్రమే రాసుకోండి. ఈ పాత్ర ఒంటరిగా ఉన్నప్పుడు ఏం చేసేది? ఈ ఇద్దరూ విడిగా ఉన్న సంవత్సరాలు ఎలా గడిచాయి? ఈ భయం నిజంగా పోయిందా, లేక క్లైమాక్స్ హడావుడిలో మరుగున పడిందా?

దీనికి నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ ఫ్రోజెన్ సినిమా పాత్రలతో చేసిన ఓలాఫ్స్ ఫ్రోజెన్ అడ్వెంచర్. ఎల్సా కోట తలుపులు తెరుస్తుంది, ఊరంతటికీ పండుగ చేయాలనుకుంటుంది. గంట మోగగానే ఊరివాళ్లు ఎవరి ఆచారాలకు వాళ్లు ఇళ్లకు వెళ్లిపోతారు. ఎల్సా, చెల్లెలు ఆనా ఇద్దరూ ఖాళీ కోటలో మిగులుతారు, తమకంటూ ఒక ఆచారం లేదని అప్పుడు తెలుస్తుంది. వాళ్ల మంచుబొమ్మ ఓలాఫ్ ఇంటింటికీ తిరిగి ఆచారాలు పోగేసుకుని వస్తానని బండి కట్టుకుని బయల్దేరతాడు. ఆ బండి తగలబడటం, అడవిలో తోడేళ్లు వెంటపడటం ఇవన్నీ నడిపించే సన్నివేశాలు. అసలు కథ అటక మీద ఉంది. అక్కడ చిన్నప్పటి పెట్టె ఒకటి దొరుకుతుంది. తెరిస్తే లోపలంతా ఓలాఫే. గీసిన బొమ్మలు, కుట్టిన బొమ్మలు, ఏటేటా ఆనా తలుపు కింది నుంచి అక్కకు పంపిన కార్డులు. తలుపులు మూసి ఉన్న ఆ ఏళ్లన్నిటా ఇద్దరినీ కలిపి ఉంచిన ఆచారం ఒకటుంది, అది తమ పక్కనే తిరుగుతున్న ఈ మంచుబొమ్మే.

పెట్టెలో ఉన్నదేదీ మొదటి సినిమాకు విరుద్ధంగా లేదు, గమనించండి. మూసిన తలుపు సినిమాలోదే. తలుపుకి ఇవతల ఒక పిల్ల ఏళ్ల తరబడి ఏం చేసి ఉంటుందన్నది సినిమా ఒక పాటలో చెప్పి దాటేసింది. స్పెషల్ ఆ దాటేసిన చోట కూర్చుంది. అందుకే పెట్టె తెరిచిన క్షణంలో డైలాగు లేకపోయినా కళ్లు చెమర్చుతాయి.

మిగతావాటినీ ఇదే కళ్లతో చూడండి. ష్రెక్ ఒంటరితనాన్నే సుఖం అనుకుని బతికినవాడు. పెళ్లయింది, ముగ్గురు పిల్లలు పుట్టారు, అయినా ఇల్లు నిండా జనం అంటే వాడికి ఇంకా పడదు. ఇల్లు నిండటమే క్రిస్మస్ కాబట్టి కథ దానంతటదే పుట్టింది. జెస్సీ అనే బొమ్మకి పెట్టెలో మూసేస్తారన్న భయం టాయ్ స్టోరీ రెండో సినిమా నాటిది. హాలోవీన్ స్పెషల్ ఆమెను ఒంటరిని చేసి తీసుకెళ్లి పెట్టెలోనే వేసింది. కుంగ్ ఫూ పాండా హీరో పో విషయం ఇంకా గొప్పది. అతనికి నూడుల్స్ కొట్టు నడిపే తండ్రి ఒకవైపు, గురువు షిఫు ఇంకోవైపు. జేడ్ ప్యాలెస్‌లో శీతాకాలపు విందుకి పెద్దరికం వహించమని షిఫు అంటాడు. అదే రోజు కొట్లో తండ్రి పెట్టే విందు. అతని పుట్టుక రహస్యం మాత్రం 2011 సినిమా కోసం అట్టిపెట్టిన సరుకు. స్పెషల్ దాన్ని ముట్టుకోకుండానే తండ్రీకొడుకుల మధ్య నరాన్ని పట్టుకుంది. తర్వాతి సినిమా డబ్బాలో చెయ్యి పెట్టకుండా కథ చెప్పడమంటే ఇదీ.

ఇంకొక మాట. హీరోనే పట్టుకుని వేలాడక్కర్లేదు. సినిమాలు హీరోను దాదాపు పూర్తిగా వాడేస్తాయి. రెండో వరుసలో నిలబడ్డవాళ్ల దగ్గర వెలితి చెక్కుచెదరకుండా ఉంటుంది. 2014 నాటి టాయ్ స్టోరీ దట్ టైమ్ ఫర్గాట్‌లో హీరోలు వుడీ, బజ్ పక్కన ఉండగా కథ ట్రిక్సీది. తను డైనోసార్ బొమ్మ, అయినా ఆటలో ఎప్పుడూ డైనోసార్ వేషం దక్కదు. అంత చిన్న వెలితి సినిమాకు చాలదు. అరగంటకు సరిగ్గా సరిపోతుంది.

ఒక్క ప్యానెల్ పరీక్ష

మూల దొరికాక సమస్యను ఒకే బొమ్మలో గీయగలరా అని చూడండి. బొమ్మలు రాకపోయినా ఫర్వాలేదు, గీతలతో మనుషుల్ని వేసినా చాలు. మాటలు లేకుండా ఆ బొమ్మ చూసి పక్కవాళ్లు "అయ్యో, ఇప్పుడెలా?" అంటే మీకు కథ ఉంది.

వర్క్‌షాపుల్లో నేను వాడే ఊహా సినిమా ఒకటి చెబుతాను. కొండమీది ఊళ్లో గడియార స్తంభం. అందులో ఒంటరిగా ఉండే ముసలి గుడ్లగూబ, గంటగంటకీ తప్పకుండా గంట కొడుతుంది. వరదలో ఇల్లు పోయిన ఎలుకల కుటుంబం అక్కడ తలదాచుకుంటుంది. సినిమా చివర గుడ్లగూబ వాళ్లను ఉండనిస్తుంది. ఇదీ సినిమా. అందులో ఒక షాట్ ఉందనుకుందాం. అర్ధరాత్రి పన్నెండు కొట్టాక గుడ్లగూబ కిటికీలోంచి పొగమంచులోకి కాస్త ఎక్కువసేపు చూస్తుంది. ఎందుకో సినిమా చెప్పదు. మన మూల అదే.

ఇప్పుడు పండుగను తెచ్చి అక్కడ పెడదాం. ఏడాది చివరి రాత్రి. ఊరంతా పన్నెండు గంటల కోసం ఎదురు చూస్తుంది. ఎముకలు కొరికే చలి. ఎలుక తల్లి ఆ సాయంత్రమే ఈని, స్తంభం మొత్తంలో గాలి దూరని చోటు అదొక్కటే అని, సుత్తికీ గంటకీ మధ్య ఉన్న సందులో ఊలు పరిచి పిల్లల్ని పడుకోబెట్టింది. ఇంకా కళ్లు తెరవని పిల్లలు.

ఆ ఒక్క బొమ్మ గీయండి. పైన ఎత్తిన సుత్తి, కింద గంట, మధ్యలో ఊలు గూడు. గూడులోంచి బయటికి వేలాడుతున్న ఒక చిన్న తోక. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఇక్కడ చెడ్డవాళ్లు ఎవరూ లేరు, అది కూడా చూడండి. ఈ నిడివిలో కొత్త విలన్‌ని తెస్తే వాడిని పరిచయం చేయడానికే నాలుగైదు నిమిషాలు పోతాయి. ఇద్దరు మంచివాళ్లకి ఒకే క్షణంలో రెండు వేర్వేరు అవసరాలు ఉంటే చాలు.

22 నిమిషాల లెక్క

అమెరికా నెట్‌వర్కుల్లో అరగంట స్లాటు అంటే ప్రకటనలు పోగా చేతికి వచ్చేది సుమారు 22 నిమిషాలు. పేజీకి నిమిషం లెక్కన మొదటి డ్రాఫ్టు పాతిక పేజీలు దాటితే నేను చదివే ముందే తగ్గించుకురమ్మంటాను. మధ్యలో రెండు ప్రకటన విరామాలు అనుకుంటే మూడు అంకాలు వస్తాయి. నేను ఏడు, ఎనిమిది, ఏడు నిమిషాలుగా పంచుకుంటాను. స్ట్రీమింగ్‌లో విరామాలు లేకపోయినా ఈ మూడు మెట్లూ ఉంచండి, పిల్లలకు ఊపిరి తీసుకునే చోటు కావాలి.

మొదటి అంకం ముగిసేసరికి ఒక్క ప్యానెల్ బొమ్మ తెర మీదికి వచ్చేయాలి. మన కథలో గుడ్లగూబ సుత్తి తాడు పట్టుకుని పైకి చూస్తుంది, తోక కదులుతుంది, విరామం. ఆ ఏడు నిమిషాల్లోనే సినిమా చూడనివాళ్లకి కూడా వీళ్లెవరో తెలియాలి. దానికి వెనకటి కథ అప్పజెప్పకండి. గుడ్లగూబ టైముకి గంట కొట్టడం, ఎలుకలు ఆ శబ్దానికి ముందే చెవులు మూసుకోవడం చూపిస్తే అంతా తెలిసిపోతుంది.

రెండో అంకం ప్రయత్నాలు. గూడును కిందికి దించుతారు, పిల్లలు చలికి వణుకుతాయి. గంటకు గుడ్డ చుడతారు, చప్పుడు రాదు. రెండు ప్రయత్నాలు చాలు, మూడోది రాశారంటే మీరు సమయం గడుపుతున్నారన్నమాట. ఈ అంకంలో అసలు సీను వేరే ఉంది. చిట్టి అనే ఎలుక పిల్ల విసిగిపోయి అడుగుతుంది: "ఒక్క రాత్రి కొట్టకపోతే ఏమవుతుంది తాతా?" గుడ్లగూబ వెంటనే జవాబు చెప్పదు. నూనె డబ్బా తీసి ఇరుసుకు నూనె వేస్తుంది. తర్వాత అటు తిరిగే అంటుంది: "మీ అవ్వ పొగమంచులో వెళ్లింది. చప్పుడు వింటే దారి తెలుస్తుందని కొడుతున్నా." అంతే. ఆమె ఎవరు, ఎప్పుడు, ఎలా అన్నవి అడగనివ్వకండి. రెండు వాక్యాల్లో చెప్పగలిగిన బాధను పేజీ చేస్తే దాని బరువు పోతుంది. పన్నెండుకి ఇంకా ఐదు నిమిషాలుందని చూపించి విరామం ఇవ్వండి.

మూడో అంకంలో సమస్యను తీర్చేది పండుగే. ఇక్కడికి వచ్చాకే మీరు పక్కన పెట్టిన పండుగను లోపలికి పిలవాలి. ఎలుకలు పన్నెండు ఇళ్ల కప్పుల మీదికి పరిగెడతాయి, చేతికి దొరికిన గరిటెలు, డబ్బా మూతలు పట్టుకుని. ఒక్కో కప్పు మీద ఒక్కో దెబ్బ. ఇన్నేళ్లూ లోపల నుంచి మాత్రమే విన్న గుడ్లగూబ మొదటిసారి బయటి నుంచి వస్తున్న పన్నెండు దెబ్బల్ని కిటికీలో నిలబడి వింటుంది. తను కూడా ఒక కూత వేస్తుంది. అవ్వ తిరిగి రాదు. వస్తే అది రెండో సినిమా. మర్నాడు స్తంభం యథాతథం. గంట పక్కన మేకుకి ఒక డబ్బా మూత మాత్రం వేలాడుతుంది. తర్వాతి సినిమా వాళ్లు కావాలంటే వాడుకుంటారు, లేకపోతే లేదు.

పండుగకు ఒకే ఆచారం, ఒకే వస్తువు

పండుగ మొత్తాన్ని చూపించాలని చూడకండి. ఒక ఆచారం, దానికి ఒక వస్తువు ఉంటే చాలు. మామత్ క్రిస్మస్‌లో మామత్ ఏనుగు మానీ చిన్నప్పటి నుంచీ దాచుకున్న పండుగ రాయి ఒకటుంది. అతని స్నేహితుడు సిడ్ దాన్ని పగలగొట్టడంతో కథ కదులుతుంది. రాతియుగం జంతువులకు క్రిస్మస్ ఏమిటన్న ప్రశ్న ఎవరికీ రాదు. రాయి ఆ లోకంలోదే కదా.

నా అభిప్రాయం అడిగితే, పాత్రల లోకంలో క్రిస్మస్ ఇమడకపోతే ఆ లోకానికి సొంత పండుగ ఇవ్వడమే మేలు. పో వాళ్ల శీతాకాలపు విందు అలా పుట్టిందే. మెరీ మడగాస్కర్ రెండూ చేసింది, సాంటాను కూల్చి ద్వీపంలో పడేసింది, లెమర్లకు వాళ్ల రాజు పేరుతో ఒక పండుగ కూడా పెట్టింది. సొంత పండుగకు నియమాలు మాత్రం ఒక్క వాక్యంలో చెప్పగలిగేలా ఉండాలి. పిల్లలు వివరణ వినరు.

మిగతా పాత్రల సంగతి. ప్రతి ఒక్కరికీ ఒక జోకు ఇవ్వాలన్న ఒత్తిడి పైనుంచి వస్తుంది, అభిమానులు కూడా వెతుక్కుంటారు. దీనికి ష్రెక్ ది హాల్స్ చేసిన ఏర్పాటు నాకు చాలా ఇష్టం. ష్రెక్ తన పిల్లలకు క్రిస్మస్ కథ చెప్పాలని కూర్చుంటే, గాడిద డాంకీ ఒకటి, పిల్లి పుస్ ఒకటి, బిస్కెట్ మనిషి జింజీ ఒకటి, ఎవరి కథ వాళ్లు మధ్యలో దూర్చేస్తారు. జింజీ కథలో సాంటా అంటే బిస్కెట్లు తినే భూతం. అందరికీ వంతు వచ్చింది, అయినా కథ ఆగలేదు, ఎందుకంటే ప్రతి అడ్డంకితో ష్రెక్ ఓపిక ఒక మెట్టు తగ్గుతూ వస్తుంది. జోకు హీరో మీద ఏదో ఒక పని చేసి పోతే ఉంచండి. చేయకపోతే ఎంత నవ్వొచ్చినా తీసేయండి.

ఖర్చు గురించి కొంచెం. సినిమా కోసం తయారైన పాత్రల మోడళ్లు, సెట్లు స్టూడియో దగ్గర ఉంటాయి. వాటితో సరిపెట్టే కథ రాయండి. కొత్త సెట్టు ఒకటికి మించి అడగకండి. నీళ్లు, గుంపులు ఖరీదు. మంచు దూరంగా కురిస్తే చవక, పాత్ర అందులో నడిచి అడుగుల గుర్తులు పడాలంటే ఖరీదు. మన ఎలుకలు కప్పుల మీద పరిగెత్తే సీనులో నేను మంచును గాలి ఊడ్చేసిన పెంకులు గీస్తాను. చూడ్డానికీ బాగుంటుంది, అడుగుల గుర్తులు వేయాల్సిన బాధా ఉండదు. సినిమాలో గొంతిచ్చిన తారలు టీవీకి అందరూ రారు. మెరీ మడగాస్కర్‌లో లెమర్ల రాజు కింగ్ జూలియన్‌కు గొంతిచ్చింది డానీ జేకబ్స్, సినిమాల్లో సాషా బేరన్ కోహెన్. కాబట్టి గొంతు మారినా మనిషి మారలేదనిపించేలా ఆ పాత్ర మాట తీరు కాగితం మీదే పట్టుకోవాలి. పేర్లు మూసేసి డైలాగులు చదివితే ఎవరిదేదో తెలియాలి.

నిడివి విషయంలో మొండిగా ఉండండి. ఓలాఫ్ కథ మొదట టీవీ కోసం అనుకున్నదే. 2017 నవంబర్‌లో దాన్ని కోకో సినిమాకు ముందు థియేటర్లలో వేశారు. 21 నిమిషాలు. కోకో కోసం వచ్చినవాళ్లు విసుక్కున్నారు, కొన్ని వారాలకే తీసేశారు. డిసెంబర్ 14న ఏబీసీలో వచ్చినప్పుడు అదే నిడివి ఎవరికీ బరువు కాలేదు. పెట్టె తెరిచే సీను రెండు చోట్లా ఒకటే. మీరు రాస్తున్నది ఇంట్లో కూర్చుని, ఏటా మళ్లీ చూసేవాళ్ల కోసం. అందుకని ఆ ఏడాది వార్తల మీద, ఆ ఏడాది పాటల మీద జోకులు ఒక్కటి కూడా పెట్టకండి.

స్క్రిప్టు కుదిరాక బోర్డు వేయించి, తాత్కాలిక గొంతులతో యానిమాటిక్ కట్టండి, అంటే బోర్డు బొమ్మల్నే వరసగా టైముకి కూర్చిన వీడియో. మొదటిసారి అది తప్పకుండా మూడు నాలుగు నిమిషాలు ఎక్కువే వస్తుంది. కోత ఈ వరసలో పెట్టండి: ముందు వెంటాడే సీన్లు, తర్వాత రెండో పాట, తర్వాత మొదటి అంకంలో పరిచయాలు. గుడ్లగూబ నూనె వేసే ఆ మౌనం దగ్గర కత్తెర పెట్టమని ఎవరో ఒకరు అంటారు, తొమ్మిది సెకన్లు ఏమీ జరగడం లేదని. అక్కడ ఒప్పుకోకండి. ఆ తొమ్మిది సెకన్ల కోసం కావాలంటే ఒక కప్పు తగ్గించండి, రెండు దెబ్బలు ఒకే కప్పు మీద కొట్టిద్దాం.

చివరగా యానిమాటిక్‌ని ఇద్దరికి చూపించండి. ఒకరు ఆ సినిమా చూడని పిల్లో పిల్లాడో. ఎక్కడ కుర్చీలో కదిలారో రాసుకోండి, ఏం అర్థమైందని మాత్రం అడగొద్దు. రెండోవాళ్లు తర్వాతి సినిమా రాస్తున్న మనిషి. ఆయన గానీ ఆవిడ గానీ, మా కథలో ఇది అడ్డం వస్తుంది అంటే, ఎంత ఇష్టమైన సీనైనా ఆ రోజే మార్చేయండి.